అజాతశత్రు శబ్దార్థము – సైబరాబాదు నిత్యజీవనము

ధర్మరాజునకు అజాతశత్రువని పేరు. శత్రువు పుట్టనివాడని దాని యర్థము. కౌరవులతో 18 దినములు యుద్ధము చేసినవానికి ఈ పేరెట్లు చెల్లునను సందేహము సహజము. దీనిని విచారించినచో అద్వేషమను గుణముయొక్క స్వరూపము తెలియగలదు.

ఆరణ్యపర్వమందలి ఘోషయాత్రాఘట్టమును చూతము. నన్నయ విడిచిన పర్వశేషమును పూరించుచు ఎఱ్ఱన దీనిని తెనిగించెను. తన వైభవమును చూపి పాండవులను కించపఱుపవచ్చిన దుర్యోధనుడు చిత్రసేనుడను గంధర్వునిచేత చిక్కెను. భీముడు సంతోషించెను. ధర్మరాజు మాత్రము, తమలో కలహమున తాము ఐదుగురు, వారు నూర్గురు. పరులతో తగవైనచో అందఱును నూట యైదుగురే యని చెప్పి, తమ్ములను పంపి విడిపించెను. అయినను రాజ్యభాగముపై తన హక్కును విడువలేదు. కావున అద్వేషమనగా వివాదము లేకుండుట కాదు, వివాదమును పగగా మాఱనీయకుండుట. గీత ద్వాదశాధ్యాయమున భక్తలక్షణములలో మొదట పేర్కొనబడినది ఈ గుణమే.

1998వ సంవత్సరమున మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఆ ప్రాంతము లక్షలమందికి జీవనాధారమైనది. అచ్చట ఒకే జట్టులోని వారు పనిలో సహచరులు, పదోన్నతిలో పోటీదారులు. అర్ధరాత్రము విడుదలచేసిన సాఫ్ట్‌వేర్‌లో దోషమేర్పడి సేవ నిలిచిపోయిన దనుకొందము. తెల్లవారి సమావేశమున ‘ఎవరు చేసిరి?’ అని యడుగవచ్చును, ‘ఎట్లు జరిగెను?’ అనియు నడుగవచ్చును. మొదటి ప్రశ్నకు భయపడినవాడు మఱియొకమారు తప్పును దాచును. దాగిన తప్పు సేవను మరల నిలుపును. రెండవ ప్రశ్న పరీక్షలోని లోపమును, తనిఖీలోని యేమరుపాటును వెలికితెచ్చును. నిందింపక కారణమును వెదకు ఈ పద్ధతి నేడు సాఫ్ట్‌వేర్ రంగమున పలుచోట్ల ఆచరణలో నున్నది. ఇది ఆధునిక నిర్వహణరీతియే యైనను, సహచరుని పరునిగా చూడని ధర్మరాజు దృష్టికి దూరము కాదు.

ఇట్లయినచో తప్పుచేసినవానికి బాధ్యత లేదా యని కొందఱడుగుదురు. బాధ్యత కలదు, దిద్దవలసినది దిద్దవలసినదే. అట్లే, పై యధికారివలన అన్యాయమునకు గుఱియైన యుద్యోగి ఫిర్యాదు చేయుట ద్వేషము కాదు. న్యాయము జరిగిన పిమ్మటను ఆ మనుష్యుని కీడు కోరుటయే ద్వేషము. ఓర్పు పేరిట అన్యాయమును సహింపుమని బలహీనునకు బోధించువారు ఈ భేదమును గుర్తింపవలెను.

లోకమున మనకు శత్రువులు పుట్టకుండుట మన చేతిలో లేదు. మనలో శత్రుత్వము పుట్టకుండుట మన చేతిలోనిది. అజాతశత్రు శబ్దమునకు ఈ యర్థమే యుచితమని మేము తలంచుచున్నాము.