ఇక్కడి జీతం, అక్కడి పొలం: పన్ను లెక్క

అమెరికాలోని తెలుగు ఇళ్లలో పన్నుల ఊసు ఫిబ్రవరిలో మొదలవుతుంది. డబ్ల్యూ-2లు, 1099లు పోగేసి సీపీఏకి పంపిస్తాం. ఏప్రిల్ 15 లోపు రిటర్న్ వేస్తాం. కానీ ఆ కాగితాలు సీపీఏ చేతికి వెళ్లేసరికే ఏడాది ముగిసిపోయి ఉంటుంది. జరిగినదాన్ని ఆయన సరిగ్గా రాయగలరు, మార్చలేరు. పన్ను తగ్గించే నిర్ణయాలు చాలావరకు డిసెంబరు 31 లోపు తీసుకోవలసినవి. కొన్నయితే ఇండియాలో ఏదో ఒక కాగితం మీద సంతకం పడకముందే తీసుకోవాలి.

అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు, పన్ను చట్టం ప్రకారం రెసిడెంట్లయిన హెచ్-1బీ ఉద్యోగులు ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా ఇక్కడ చూపించాలి. కూకట్‌పల్లి ఫ్లాట్ అద్దె, విజయవాడ బ్యాంకు డిపాజిట్ వడ్డీ, తెనాలి పొలం కౌలు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకోవడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఇండియాలో కట్టిన ఆదాయపు పన్నుకు ఫారం 1116తో ఇక్కడ క్రెడిట్ తీసుకోవచ్చు. అయితే అక్కడి బ్యాంకులు వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఇస్తాయి, మనకు కావలసింది జనవరి నుంచి డిసెంబరు వరకు. కాబట్టి స్టేట్‌మెంట్ తెప్పించుకుని, వడ్డీ జమ అయిన తేదీలను బట్టి విడదీసుకోవాలి.

విదేశీ ఖాతాలన్నిటిలోని సొమ్ము కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు వేయాలి. దీనివల్ల పైసా పన్ను పడదు. వేయకపోతే మాత్రం, తెలియక చేసిన తప్పుకు కూడా 10,000 డాలర్లకు పైగా జరిమానా పడవచ్చు. సౌకర్యం కోసం అమ్మ ఖాతాలో మీ పేరు జాయింట్‌గా చేర్చి ఉంటే అదీ లెక్కే. ఇక ఇండియా మ్యూచువల్ ఫండ్లను అమెరికా చట్టం పీఎఫ్ఐసీలుగా చూస్తుంది. వాటికి ఫారం 8621, కఠినమైన పన్ను పద్ధతి ఉన్నాయి. ఇక్కడ ఉంటూ అక్కడ కొత్త సిప్‌లు మొదలుపెట్టవద్దనే నా సలహా.

పెద్ద మొత్తాలు చేతులు మారేది భూమి దగ్గర. నాన్నగారు 1990ల్లో స్వార్జితంతో రెండు లక్షలకు కొన్న స్థలం ఇవాళ కోటిన్నర పలుకుతోందనుకుందాం. ఆయన బతికుండగా గిఫ్ట్ డీడ్ రాసి మీ పేర రిజిస్టర్ చేయిస్తే, అమెరికా లెక్కలో మీ కొనుగోలు ధర కూడా ఆ రెండు లక్షలే. తర్వాత అమ్మితే కోటీ నలభై ఎనిమిది లక్షలూ లాభం కిందకే వస్తాయి. అదే స్థలం ఆయన తదనంతరం వీలునామా ద్వారా వస్తే, ఆయన పోయిన రోజున ఉన్న మార్కెట్ ధరే మీ కొనుగోలు ధర అవుతుంది. వెంటనే అమ్మితే ఇక్కడ లాభమంటూ దాదాపు మిగలదు. రాసిన మనిషి ఇండియా పౌరుడైనా, భూమి ఇండియాలో ఉన్నా ఇదే నియమం. పిత్రార్జితమైతే పుట్టుకతో వచ్చే హక్కు ఉంటుంది కనుక లాయరును అడగాలి. ఇండియా పన్నుకు మాత్రం ఈ రెండు దారుల్లోనూ నాన్నగారి పాత ధరే ఆధారం. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆనాటి విలువ తీసుకోవచ్చు.

ఆస్తి తమ పేరున ఉండటం పెద్దవాళ్లకు భరోసా. ఈ విషయంలో పన్ను చట్టం కూడా వాళ్ల వైపే ఉంది కాబట్టి గిఫ్ట్ డీడ్ కోసం వాళ్లను తొందరపెట్టకండి. వారసత్వంగా వచ్చినప్పుడు, ఆలస్యం చేయకుండా రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత వారు మరణించిన తేదీ నాటి మార్కెట్ విలువ రాయించి దాచుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువ సాధారణంగా మార్కెట్ ధర కంటే తక్కువ. దాన్నే చూపిస్తే నష్టపోయేది మీరే.

అమ్మేటప్పుడు మరో రెండు సంగతులు. ఎన్ఆర్ఐ దగ్గర కొనేవారు సాధారణంగా లాభం మీద కాకుండా మొత్తం ధర మీద టీడీఎస్ పట్టుకుంటారు. తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కు ఆదాయపు పన్ను శాఖలో ముందే దరఖాస్తు చేస్తే డబ్బు ఇరుక్కుపోదు. పల్లెల్లోని వ్యవసాయ భూమి మీద వచ్చిన లాభానికి ఇండియాలో పన్ను లేదు. అందువల్ల ఇక్కడ క్రెడిట్ కూడా ఉండదు, అమెరికా పన్ను పూర్తిగా కట్టాలి.

సొంత వ్యాపారం ఉన్నవారికి, గ్యాస్ స్టేషన్ అయినా 1099 మీద చేసే ఐటీ కన్సల్టింగ్ అయినా, ఆదాయపు పన్నుకు తోడు 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను ఉంటుంది. ఎస్ కార్పొరేషన్‌గా మారి, మీ పనికి తగిన జీతం తీసుకుంటే, మిగిలిన లాభం మీద ఆ పన్ను పడదు. ఆ ఏడాది మొత్తానికి వర్తించాలంటే ఫారం 2553 మార్చి 15 లోపు వేయాలి. పేరోల్ ఖర్చు, వేరే రిటర్న్ ఖర్చు ఉంటాయి కాబట్టి లాభం కొద్దిగా ఉన్నప్పుడు ఆ తంటా అనవసరం. సోల్ ప్రొప్రయిటర్లు 18 ఏళ్లు నిండని పిల్లల చేత నిజంగా పని చేయించి, తగిన జీతం ఇస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఉండవు. ఆ జీతం వ్యాపార ఖర్చు అవుతుంది, పిల్లల పేర రాత్ ఐఆర్ఏ తెరవడానికీ పనికొస్తుంది. గంటల లెక్క రాసి పెట్టుకోవాలి, డబ్బు చెక్కు రూపంలోనే ఇవ్వాలి.

ఉద్యోగులకు 401(కె), హెచ్ఎస్ఏ సంగతి తెలిసిందే. 2025లో 401(కె) పరిమితి 23,500 డాలర్లు. అది జీతంలోంచి పోవాలి కాబట్టి డిసెంబరు చివరి చెక్కు దాటితే ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే. వ్యాపారులు సెప్ ఐఆర్ఏలో మాత్రం, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబరు వరకు వేయవచ్చు.

ఈ ఏడాది మీ సీపీఏ అపాయింట్‌మెంటు అక్టోబరులో తీసుకోండి. ఇండియాలో మీ పేరున్న ప్రతి ఖాతా, ప్రతి సెంటు భూమి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఊళ్లో ఏ దస్తావేజు మీదైనా సంతకం పెట్టే ముందు ఆయనకు ఒక ఫోన్ చేయండి.