‘మొల్ల’ అనే పేరు: పిలవడం, చెప్పడం

ఈ అధ్యాయం ఒకే ఒక్క పేరు గురించి. ఒక పేరుకి ఇన్ని పేజీలెందుకని అడిగితే, నేను చేసిన తప్పు ముందు చెప్పాలి.

మన యీషున్ ఆదివారం తరగతికి ఒక కొత్త పాప వచ్చింది. హాజరు పట్టీలో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కదా, నేను గబగబా చదువుతూ ఆ పాపని “మోలా” అని పిలిచాను. పాప పలకలేదు. రెండోసారి “మొలా” అన్నాను. వెనక బల్ల మీద కూర్చున్న ఒక అబ్బాయికి ఇంట్లో తాతయ్య ఉన్నట్టున్నాడు, “మొలలు అంటే ఏంటో నాకు తెలుసు టీచర్” అని అరిచాడు. తరగతంతా నవ్వింది. సగం మందికి అర్థం తెలీకుండానే నవ్వారు. ఆ పాప మాత్రం నవ్వలేదు. వారం తర్వాత వాళ్ల అమ్మగారు వచ్చి, “తెలుగు క్లాసులో దీన్ని రెండో పేరుతో పిలవండి మేడమ్, మొదటి పేరు వద్దంటోంది” అన్నారు. సింగపూర్ స్కూల్లో ఎవరూ ఏమీ అనలేదట. తెలుగు నేర్పే చోటే తెలుగు పేరుకి సిగ్గుపడాల్సి వచ్చింది. అప్పటినుంచి ఈ పేరు గురించి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ తరగతిలో ఈ పేరు గల పాప ఉండకపోవచ్చు. కానీ మొల్ల రామాయణం గురించి చెప్పే రోజు మీకూ వస్తుంది.

ముందు ఉచ్చారణ. మకి ఒత్వం ఇస్తే మొ, ఓత్వం ఇస్తే మో. ఇక్కడ హ్రస్వమే, దీర్ఘం కాదు. తర్వాత లకి లవత్తు. నాలుక పైకి ఆనించి ఒక క్షణం ఆపి వదలాలి. చివర కూడా హ్రస్వమే. “మొల్లా” అని సాగదీస్తే ఇక్కడివాళ్లకి మసీదు ముల్లా గుర్తొస్తాడు. వత్తు పోతే మిగిలేది ‘మొల’, అంటే నడుము. పిల్లలకి మొలతాడు చూపిస్తే ఆ మాట వెంటనే తెలుస్తుంది. బహువచనంలో ‘మొలలు’ అంటే ఆ అబ్బాయి చెప్పిన జబ్బే. ఒక్క వత్తు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అయితే ఆ పేరున్న పాప ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు మాత్రం ఈ ఉదాహరణ వాడకండి. పల – పల్ల, కల – కల్ల చాలు.

ఇక అర్థం. మొల్ల అంటే ఒక పువ్వు. మల్లెకి దగ్గరి చుట్టం. మల్లెకన్నా చిన్నగా, సన్నగా, తీగకి విరగబూసే తెల్లటి పువ్వు. పాత కావ్యాల్లో అందమైన పలువరసని మొల్లమొగ్గలతో పోల్చడం మామూలు. పిల్లలకి పువ్వుని మాటల్లో వర్ణించి చెప్పడం కష్టం కాబట్టి చూపించడమే మేలు. యీషున్‌లో రైలెక్కి న్యూటన్ దగ్గర మారితే లిటిల్ ఇండియా వస్తుంది. అక్కడి పూల కొట్లలో తమిళం వాళ్లు ‘ముల్లై’ అని అడిగి కొనుక్కునే పువ్వు పేరూ, మన మొల్ల పేరూ ఒక్కటే. కన్నడంలో మొల్లె, మలయాళంలో ముల్ల. నాలుగు భాషలకీ ఉమ్మడి ఆస్తి. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట కాదు, అచ్చంగా ద్రావిడ భాషలదే.

మన తరగతికి ఇది చాలా ఉపయోగపడే విషయం. ఎందుకంటే సింగపూర్ ప్రభుత్వ పాఠశాలల్లో మాతృభాషగా తెలుగు తీసుకునే వీలు లేదు. తమిళమో హిందీయో, లేకపోతే అనుమతి ఉన్న మరో భారతీయ భాషో తీసుకోవాలి. మన పిల్లల్లో కొందరు తమిళం చదువుతున్నవాళ్లే. వాళ్లని ఇక్కడ ముందుకి పిలవండి. తమిళంలో ‘పుగై’, మనకి పొగ. ‘ముణై’ కాదు, ‘మునై’, మనకి మొన. ‘కుడై’, మనకి గొడుగు. రోజూ వానలో తిరిగే సింగపూర్ పిల్లలకి కుడై తెలియకుండా ఉండదు. తమిళంలో ఉకారం ఉన్నచోట మనకి ఒకారం వచ్చింది. కన్నడం కూడా మనతోనే: హొగె, మొనె, కొడె. తర్వాతి అక్షరంలో ‘అ’ గానీ ‘ఐ’ గానీ ఉన్న మాటల్లో ఇలా జరుగుతుంది. అన్ని మాటల్లోనూ జరగదు, ‘ముందు’ ముందుగానే ఉంది. కాబట్టి సూత్రంలా బట్టీ పట్టించకుండా పిల్లల చేతే మరికొన్ని జతలు వెతికించండి. మా తరగతిలో తమిళం చదివే ఒక పాప ‘ముళై’ – మొలక అని తనంతట తనే పట్టుకుంది. ఆ రోజు దాని ముఖం చూడాలి!

తమిళ సాహిత్యంలో ముల్లైకి ఉన్న గౌరవం కూడా చెప్పదగ్గదే. సంగం కాలపు కవులు నేలని ఐదు రకాలుగా పంచుకుని, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నారు. అడవీ, పచ్చిక బయళ్లూ ఉన్న నేలకి పెట్టుకున్న పేరు ముల్లై. పని మీద వెళ్లిన భర్త వానాకాలానికి తిరిగొస్తాడని ఓపికగా ఎదురుచూసే ఇల్లాలు ఆ కవితల్లో ఉంటుంది. పారి అనే దొర, పాకడానికి ఆధారం లేని ముల్లై తీగకి తన రథాన్నే ఇచ్చేశాడని కథ. ఇది చిన్న పిల్లలకి బాగా నచ్చే కథ, బొమ్మ వేయమంటే సంతోషంగా వేస్తారు. తమిళంలో ముల్లై ఈరోజుకీ ఆడపిల్లలకి పెట్టే పేరే.

మరి మన దగ్గరో? మొల్ల పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ, పెట్టుకునేవాళ్లు ఇంకా తక్కువ. తెలిసినదంతా ఒక్క మనిషి వల్లే. ఆతుకూరి మొల్ల. 16వ శతాబ్దపు కవయిత్రి అని ఎక్కువమంది చెబుతారు. తనది గోపవరమనీ, తండ్రి కేసన అనీ, ఆయన శివభక్తుడనీ కావ్యం మొదట్లో తనే చెప్పుకుంది. ఆ గోపవరం కడప జిల్లా బద్వేలు దగ్గరదని సాధారణంగా అంటారు. కుమ్మరి కుటుంబమని పరంపరగా వస్తున్న మాట. శ్రీశైల మల్లికార్జునుడికి ఇష్టమైన పువ్వు కాబట్టి తండ్రి ఆ పేరు పెట్టాడని కూడా చెప్పుకుంటారు. కథగా చెప్పండి, చరిత్రగా కాదు.

ఆమె రామాయణాన్ని ఆరు కాండల్లో, తొమ్మిది వందల లోపు పద్యాలూ వచనాలతో ముగించింది. రాజుకి కాకుండా రాముడికే అంకితం ఇచ్చింది. తనకి వ్యాకరణం, ఛందస్సు లాంటి శాస్త్రాలు తెలియవని వినయంగా చెప్పుకుంటూనే, చదవగానే అర్థం కాని గూఢమైన మాటలతో కావ్యం రాస్తే ప్రయోజనం ఏమిటని నిలదీసింది. మన పిల్లలకి ఆమెని పరిచయం చేయడానికి నాకు ఈ ఒక్క మాటే చాలనిపిస్తుంది. తెలుగు కష్టమని బెదిరిపోయే పిల్లల పక్షాన ఐదొందల ఏళ్ల కిందటే ఒకావిడ మాట్లాడింది.

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఉన్న తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో మొల్లదీ ఒకటి. 1970లో పద్మనాభం తీసిన ‘కథానాయిక మొల్ల’లో వాణిశ్రీ ఆ పాత్ర వేసింది. 2017లో తపాలా శాఖ మొల్ల పేరిట బిళ్ల విడుదల చేసింది. తెనాలి రామకృష్ణుడికీ మొల్లకీ మధ్య జరిగిందని కోడిపిల్ల, కుక్కపిల్లల కథ ఒకటి ప్రచారంలో ఉంది. పెద్దల చమత్కారం అది, పిల్లల తరగతికి పనికిరాదు, దయచేసి తేవద్దు.

ఇంత పేరున్న పేరు ఎందుకు వాడుకలో లేదు? నాకు తోచినది చెబుతాను. మన పూల పేర్లు ఒకసారి చూడండి. పద్మ, కమల, కుముద, మాలతి, మల్లిక: ఇవన్నీ ఆడపిల్లల పేర్లు. అవే పూలు తెలుగులో తామర, కలువ అయ్యేసరికి పూలుగానే ఉండిపోయాయి, మొల్ల కూడా అంతే. తామరకి చర్మవ్యాధి అడ్డమొచ్చింది సరే, కలువ ఏం పాపం చేసింది? పువ్వు సంస్కృతంలో ఉంటేనే పేరవుతుందన్నట్టు మనకి అలవాటైపోయింది. దానికి తోడు మొల్లకి ‘మొల’ పోలిక ఒకటి. ‘కుమ్మరి మొల్ల’ అని కులంతో కలిపి పిలిచే అలవాటు వల్ల కూడా కొన్ని ఇళ్లలో వెనక్కి తగ్గి ఉంటారని నా అనుమానం. గౌరవం కోసం ‘మొల్లమాంబ’ అని పొడిగించినవాళ్లూ ఉన్నారు. పొడిగిస్తే తప్ప గౌరవం రాదనుకోవడం నాకు నచ్చదు. ఆవిడ తనని తాను మొల్ల అనే చెప్పుకుంది. అలాగని తెలుగు మాటలు పేర్లుగా చెల్లవని కాదు. వెన్నెల, సిరి అనే పేర్లు ఇప్పుడు ఇష్టంగా పెట్టుకుంటున్నారు, మన బడిలోనే ఉన్నారు.

పెద్ద పిల్లల తరగతి అయితే మనం ఉంటున్న ఊరి పేరుని కూడా ఇక్కడ కలపొచ్చు. యీషున్ అసలు ఒక మనిషి పేరు. లిమ్ నీ సూన్ (1879–1936) రబ్బరు, అనాస తోటల వ్యాపారి. ఆయన పేరు మీద ఇక్కడి పల్లెని నీ సూన్ అనేవారు. కొత్త పట్టణం కట్టేటప్పుడు అవే రెండు చైనా అక్షరాలని మాండరిన్ పద్ధతిలో చదివి యీషున్ అన్నారు. తియోచ్యూ వాళ్ల నోట నీ సూన్, మాండరిన్‌లో యీషున్. రాసిన అక్షరాలు ఒకటే, పలికే నోరు మారింది. పాత రూపం నీ సూన్ రోడ్డులోనూ నియోజకవర్గం పేరులోనూ ఇంకా బతికే ఉంది. మన పిల్లల పేర్లకి జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. నోట్లో పేరు ఒకటే, ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లేసరికి హ్రస్వమూ దీర్ఘమూ తేడా తెలియకుండా పోతుంది.

అందుకే ఇప్పుడు మేం చేస్తున్నది ఇది. చేరిక పత్రంలో పేరు తెలుగులో రాయమని అమ్మానాన్నలని అడుగుతున్నాం. రాయడం రానివాళ్లు ఉంటే నొచ్చుకోనివ్వకుండా, ఫోన్‌లో ఒకసారి పలికి పంపమంటున్నాం. మొదటి రోజు హాజరు టీచర్ చదవరు, పిల్లలే ఒక్కొక్కరూ తమ పేరు చెబితే టీచర్ బోర్డు మీద తెలుగులో రాస్తారు. తర్వాతి వారానికి “నీ పేరు ఎవరు పెట్టారు?” అని ఇంట్లో అడిగి రమ్మంటాం. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. పేరుకి అర్థం లేని పిల్లలు కూడా ఉంటారు. ఏదో అక్షరంతో మొదలవ్వాలని జ్యోతిష్యుడు చెబితే పెట్టిన పేర్లవి. అర్థం అడిగి వాళ్లని ఇరుకున పెట్టకండి. ఎవరు పెట్టారు, ఇంట్లో ఏమని పిలుస్తారు అన్నవి చాలు. వాటికి అందరి దగ్గరా జవాబుంటుంది.

ఆ పాప విషయం. నేను వాళ్ల అమ్మగారికి క్షమాపణ చెప్పి, ఒక్క నెల ఆగమన్నాను. ఇంట్లో అడిగి రమ్మన్న వారం పాప ఒక కాగితం తెచ్చింది. పేరు పెట్టింది వాళ్ల జేజి. కడప వైపు నానమ్మని అలాగే అంటారు. బద్వేలు దగ్గరి ఊరట. “మా జేజి ఇంటి దగ్గర ఈ పూల తీగ ఉంది, మా జేజికి చదవడం రాదు, కానీ మొల్ల ఎవరో తెలుసు” అని తప్పులతోనే అయినా తెలుగులో రాసింది. అందులో తన పేరు మాత్రం తప్పు లేకుండా, లవత్తు పెద్దగా దిద్ది రాసింది. తరగతిలో చదవమంటే చదవనంది. నేనూ బలవంతపెట్టలేదు. రెండో పేరుతో పిలవమని మాత్రం మళ్లీ అడగలేదు. హాజరు పట్టీలో ఇప్పుడు ఆ వరసలో తెలుగులోనే రాసి ఉంది. మీరు ఎప్పుడైనా నా బదులు ఆ తరగతికి వెళ్తే, అది చూసి చదవండి.