ఇల్లు కొనుటయా? ఇల్లు చేరుటయా?

విజయవాడ నుండి ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లికి పోవు మార్గమున ఇరువైపుల వరిచేలును, కాలువగట్లును కన్నులకు విందొనర్చును. ఆ దారిలోని గ్రామములలో మఱొక దృశ్యము కూడ కనబడును. చలువరాళ్లు పఱచిన వసారాలు గల మేడలు. కాని సింహద్వారమునకు తాళము. ముంగిట ముగ్గుండదు. ఏ పనిమనిషియో అప్పుడప్పుడు వచ్చి వాకిలి ఊడ్చిపోవును. ఇంటివారెక్కడనని అడిగినచో "అమెరికాలో" అని ప్రక్కయింటివారు చెప్పుదురు. ఎప్పుడు వచ్చెదరను ప్రశ్నకు మాత్రము వారికిని, ఆ ఇంటివారికిని కూడ సమాధానము తెలియదు.

సముద్రము దాటుట ఈ ప్రాంతమువారికి క్రొత్త కాదు. చల్లపల్లి చెంతనున్న ఘంటసాల ఒకనాటి రేవుపట్టణము. క్రీ.శ. 2వ శతాబ్దమున గ్రీకు భూగోళజ్ఞుడు టాలెమీ పేర్కొన్న రేవులలో ఒకటి ఇదియేనని చరిత్రకారులు గుర్తించిరి. అచట దొరకిన ప్రాకృతశాసనమొకటి ఒక మహానావికుని స్మరించుచున్నది. తరువాతి కాలమున గోదావరి, విశాఖ, శ్రీకాకుళ ప్రాంతముల నుండి వేలకొలది కూలీలు 'రంగము' పోయిరి. రంగమనగా బర్మాలోని రంగూను. 1930లో ఆ రేవున పని విషయమై చెలరేగిన కలహములలో తెలుగు కూలీలు పెక్కురు ప్రాణములు కోల్పోయిరి. 1942లో జపాను సేనలు రాగా లక్షలకొలది భారతీయులు బర్మా విడిచిరి. వారిలో అనేకులు అడవుల వెంట కాలినడకన వచ్చిరి. 1964లో బర్మా ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేయగా మిగిలినవారిలో పెక్కురు ఓడలెక్కిరి. విశాఖపట్టణమున 'బర్మా క్యాంపు' అను పేరు ఆ కథను నేటికిని చెప్పుచునే యున్నది. ఉండుటయా, వచ్చుటయా అని తర్కించుటకు వారికి వ్యవధి లేకపోయెను. నేటి ప్రవాసికి వ్యవధి కలదు. అది అతని భాగ్యము. అతని బాధయు అదియే.

1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన పిదప ఈ డెల్టా మాగాణియైనది. పంట మిగిలినది, ఆ మిగులు బిడ్డల చదువులకు ఉపకరించినది. 1965లో అమెరికా ప్రభుత్వము జాతులవారీ పాత కోటాలను తొలగించి క్రొత్త చట్టము చేయగా మొదట వైద్యులును, ఇంజనీర్లును పోయిరి. 1990 తరువాత కంప్యూటరు విద్య నేర్చినవారు వెల్లువగా పోయిరి. 2010, 2017 సంవత్సరముల నడుమ అమెరికాలో ఇంట తెలుగు మాటలాడువారి సంఖ్య 86 శాతము పెరిగినది.

పోయినవాడు తొలుత అద్దెయింట నుండును. బిడ్డకు బడి యీడు వచ్చుసరికి ఇంటి తలంపు పుట్టును. ఏలననగా అచట ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశము సాధారణముగా నివాసమును బట్టి లభించును. మంచి బడి యున్న పేటలో ఇంటివెలయు హెచ్చు. ఒక చిన్న లెక్క చూతము. 4,00,000 డాలర్ల ఇల్లు కొనువాడు ఐదవవంతు ముందుగా చెల్లించి, తక్కిన 3,20,000 డాలర్లను ముప్పది సంవత్సరముల గడువుతో అప్పు తెచ్చెననుకొందము. వడ్డీ నూటికి 3 అయినచో నెలకు సుమారు 1,350 డాలర్లు కట్టవలెను; 7 అయినచో సుమారు 2,130 కట్టవలెను. ఇల్లొకటే, గోడలవియే. గడువు ముగియునప్పటికి మొదటివాడు దాదాపు 4,86,000 డాలర్లును, రెండవవాడు 7,66,000 డాలర్లును చెల్లించి యుందురు. ఇంటిపన్నును, బీమాయు వేఱు.

ఇది వట్టి ఊహ కాదు. 2021 జనవరిలో అచట గృహఋణముల సగటు వడ్డీ 2.65 శాతమునకు దిగినది. 2023 అక్టోబరులో 7.79 శాతమునకు ఎక్కినది. కావున ముందు కొన్నవాడు చవకగా దొరకిన అప్పును వదలుకొనలేక ఆ ఇంటిని అంటిపెట్టుకొని యున్నాడు. వెనుక వచ్చినవాడు ఆ పేటలోనే అద్దె కట్టుచు, వడ్డీ దిగునని ఎదురుచూచుచున్నాడు. తిరిగి పోవుదమను మాట ఇద్దఱి నోటను వచ్చును, ఇద్దఱును కదలరు.

ఆ ఇంటి క్రింది నేల కూడ స్థిరమైనది కాదు. ఉద్యోగముపై పోయినవారికి ఇచ్చు హెచ్-1బి అనుమతి మొదట మూడేండ్లకు, పొడిగింపుతో ఆఱేండ్లకు. శాశ్వతనివాసమునకై వరుసలో నున్నవారికి ఆపైన మఱల మఱల పొడిగింపులు. 1990 నాటి చట్టము ప్రకారము ఉద్యోగమార్గమున ఏటా ఇచ్చు శాశ్వతనివాస పత్రములు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశమునకును సాధారణముగా 7 శాతమునకు మించి దక్కవు. కనుక భారతీయుల నిరీక్షణ దశాబ్దములకు సాగినది. ఈలోగా ఉద్యోగము పోయినచో మఱొకటి వెదకుకొనుటకు గడువు అఱువది దినములు మాత్రమే. తల్లిదండ్రుల అనుమతిపై పెరిగిన బిడ్డ ఇరువదియొకటవ యేట ఆ ఆశ్రయమును కోల్పోవును. 2025 సెప్టెంబరులో క్రొత్తగా హెచ్-1బిపై వచ్చువారికై 1,00,000 డాలర్ల రుసుమును ప్రకటించినప్పుడు డెల్టాలో ఎన్ని ఇండ్లలో ఫోనులు మ్రోగినవో ఊహింపవచ్చును. ముప్పది యేండ్ల అప్పు, మూడేండ్ల అనుమతి. ఈ రెంటికిని పొత్తు కుదురుటెట్లు?

ఇక త్రాసున రెండవ తట్ట. చల్లపల్లిలో తాత కట్టిన ఇల్లున్నది, దానిపై అప్పు లేదు. కాని అమెరికాలో చేయుచున్న ఉద్యోగము చల్లపల్లిలో లేదు. తిరిగివచ్చు యువకుడు నిజముగా వచ్చునది హైదరాబాదునకో, బెంగుళూరునకో! అచట మంచి పేటలలో ఇంటివెల కోట్లు పలుకుచున్నది. మనదేశమున గృహఋణపు వడ్డీ 2021లో బాగుగా తగ్గినప్పుడు సైతము ఆఱు శాతము పైననే యుండెను. పోనీ, విజయవాడ చుట్టుపట్ల స్థలము కొందమన్నచో, ఆ వెలలును రాజకీయములతో ఊగినవి. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు ఆశలు పెరిగినవి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన రాగా క్రుంగినవి. 2024లో ప్రభుత్వము మాఱిన పిదప మఱల చిగిర్చినవి. పొలము మాట వేఱు. భారతపౌరుడైనను విదేశవాసియైనచో వ్యవసాయభూమిని కొనరాదు. వారసత్వముగా మాత్రము పొందవచ్చును. రైతుబిడ్డ డబ్బుతో కొనలేనిది తండ్రి మడి యొక్కటే!

లెక్కలకు లొంగని విషయములు రెండు కలవు. మొదటిది పిల్లల చదువు. అచట పుట్టిన బిడ్డ ఇంట తెలుగు మాటలాడినను, చదువుట వ్రాయుట నేర్పినగాని రావు. కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర సంస్థ 2007లో 'మనబడి' ప్రారంభించుటకు హేతువిదియే. ఏడెనిమిదేండ్ల బిడ్డ వచ్చినచో ఒకటి రెండు సంవత్సరములలో తోడివారితో కలిసిపోవును. పదునాలుగేండ్లవాడు వచ్చినచో గుణింతములతో పాటు క్రొత్త స్నేహములను, క్రొత్త పరీక్షావిధానమును ఒక్కసారిగా ఎదుర్కొనవలెను. అట్టి బాలుడు తరగతిలో మౌనముగా కూర్చున్నచో అది పొగరు కాదు, తెలివితక్కువయు కాదు. ఉపాధ్యాయుని ఓర్పు వాని తండ్రి తెచ్చిన డాలర్లకంటె వానికి మిక్కిలి అవసరము.

రెండవది తల్లిదండ్రుల వయస్సు. "వచ్చే వేసవికి వస్తాములే అమ్మా" అని కుమారుడనును. "నీ వీలు చూసుకో నాయనా" అని తల్లి యనును. ఇద్దఱును ఒకరినొకరు నొప్పింపకుండుటకే అట్లనుచున్నారు. వడ్డీ పెరిగి తగ్గును, స్థలముల వెలయు పడి లేచును. తల్లి వయస్సు మాత్రము ఒకే దిక్కునకు నడచును. వడ్డీ తగ్గినగాని కదలనని కూర్చున్నవాడు, నిర్ణయమును వాయిదా వేయుచున్నానని తలచును. కాని ఏటేట ఆ నిర్ణయము జరిగిపోవుచునే యున్నది.

పోయినవారందఱును రావలెననుట న్యాయము కాదు. దూరమున నుండియు ఊరికి తోడ్పడినవారు కలరు. కూచిపూడిలోని సంజీవని వైద్యాలయము ప్రవాసుల పూనికతో వెలసినదే. ఊరిలో నున్నవారును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చల్లపల్లిలో వైద్యదంపతులు డాక్టరు డి.ఆర్.కె. ప్రసాదు, డాక్టరు పద్మావతి ముందు నిలువగా 2014 నవంబరులో 'స్వచ్ఛ చల్లపల్లి' ఆరంభమైనది. తెల్లవారకముందే కార్యకర్తలు చీపుళ్లు పట్టి వీథులు ఊడ్చిరి, మొక్కలు నాటిరి. తిరిగివచ్చువానికి ఊరు ఊరుగా మిగిలియుండవలెనన్నచో, దానిని నిలుపువారు కొందఱు ఊరిలో నుండవలెను గదా!

కావున అప్పుపత్రముపై చేవ్రాలు చేయకముందే ఆలుమగలు కూర్చుండి ఒక సంవత్సరమును నిర్ణయించుకొనుట మేలు. పెద్దబిడ్డ ఏ తరగతిలో నుండగా వచ్చెదము? రానిచో తల్లిదండ్రులను ఎవరు చూతురు? రామని తేలినచో ఆ మాట తల్లిదండ్రులకు స్పష్టముగ చెప్పుట వారిని మోసగించుట కాదు. ఏటేట వేసవి పేరు చెప్పుటయే మోసము. అప్పుడు ఆ తాళము వేసిన మేడను ఊరి బడికి దూరము నుండి వచ్చిపోవు ఉపాధ్యాయునకైనను అద్దెకిచ్చినచో, సాయంకాలము దీపము వెలుగును, ఉదయమున వాకిట ముగ్గు పడును.