తనఖా ఋణం

భూమి, ఇల్లు, దుకాణం వంటి స్థిరాస్తిని హామీగా ఉంచుకొని ఇచ్చే అప్పును తనఖా ఋణం అంటారు. బ్యాంకులే కాక, చేతిలో సొమ్ము ఉన్న వ్యక్తులు కూడా ఈ విధంగా అప్పులిచ్చి వడ్డీ రూపంలో ఆదాయం పొందుతారు. ఉద్యోగ విరమణ తరువాత వచ్చిన సొమ్మును, పొలం అమ్మగా వచ్చిన సొమ్మును ఇలా వడ్డీకి ఇవ్వడం తెలుగునాట చిరకాలంగా ఉన్న పద్ధతి. శ్రమ లేకుండా నెలనెలా వచ్చే ఆదాయంగా దీనికి పేరు ఉన్నప్పటికీ, ఋణదాతకు దక్కేది ఆస్తి కాదు, ఆస్తి మీద హామీ మాత్రమే. భారతదేశంలోని తనఖా చట్టానికి ఈ తేడాయే ఆధారం.

వడ్డీ లెక్క

గ్రామాలలోను, పట్టణాలలోను వడ్డీని సాధారణంగా నూటికి నెలకు ఇన్ని రూపాయలు అని చెప్పుకుంటారు. "రూపాయి వడ్డీ" అనగా సంవత్సరానికి 12 శాతం, "రెండు రూపాయల వడ్డీ" అనగా 24 శాతం. రూపాయి వడ్డీకి 10 లక్షల రూపాయలు అప్పు ఇచ్చిన వ్యక్తికి నెలకు 10,000 రూపాయలు ముడుతుంది. ఈ వడ్డీ ఆదాయపు పన్నుకు లోబడి ఉంటుంది. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదు రూపంలో తీసుకొనరాదని ఆదాయపు పన్ను చట్టం నిర్దేశిస్తున్నది.

తనఖా రకాలు

భారతదేశంలో తనఖాలకు మూలాధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఈ చట్టంలోని 58వ సెక్షను ఆరు రకాల తనఖాలను పేర్కొన్నది. వాటిలో ముఖ్యమైనవి:

* సాధారణ తనఖా: ఆస్తి యజమాని స్వాధీనంలోనే ఉంటుంది. అప్పు తీరకపోతే ఋణదాత కోర్టు ద్వారా ఆస్తిని అమ్మించి బాకీ రాబట్టుకోవచ్చు.
* స్వాధీన తనఖా: దీనిని భోగ్యం అని కూడా అంటారు. ఆస్తిని ఋణదాతకు స్వాధీనం చేస్తారు. పంట మీద గాని, అద్దె మీద గాని వచ్చే రాబడిని అతడు వడ్డీ కింద, లేదా అసలు కింద జమ చేసుకుంటాడు. అయితే కేవలం ఈ తనఖా ఆధారంగా ఆస్తిని అమ్మించమని దావా వేసే హక్కు అతనికి లేదు.
* షరతు అమ్మకపు తనఖా: పైకి అమ్మకంగా కనిపించినా, గడువులోగా బాకీ చెల్లిస్తే అమ్మకం రద్దవుతుందని, లేదా ఆస్తిని తిరిగి రాసి ఇవ్వాలని షరతు ఉంటుంది.
* హక్కు పత్రాల డిపాజిట్ తనఖా: దస్తావేజులను ఋణదాతకు అప్పగించి అప్పు తీసుకోవడం. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలోను, రాష్ట్ర ప్రభుత్వాలు ప్రకటించిన ఇతర పట్టణాలలోను పత్రాలను అప్పగించినప్పుడే ఇది చెల్లుతుంది. ఆస్తి మాత్రం మరొక చోట ఉండవచ్చు.

పత్రాల డిపాజిట్ తనఖా మినహా, 100 రూపాయలు, అంతకు మించిన అప్పుకు రాసే తనఖా దస్తావేజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. సాధారణ తనఖాకు అప్పు ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషను అవసరమే. దస్తావేజుపై కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి.

విమోచన హక్కు

బాకీ చెల్లించి ఆస్తిని తిరిగి పొందే హక్కును విమోచన హక్కు అంటారు. ఆస్తి బదిలీ చట్టానికి ముందు ఈ హక్కు మద్రాసు ప్రెసిడెన్సీలో బలహీనంగా ఉండేది. షరతు అమ్మకాలను దస్తావేజులో రాసుకున్న మాట ప్రకారమే అమలు చేయాలని 1870లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. అనగా గడువు దాటితే భూమి పోయినట్లే. 1882 చట్టంలోని 60వ సెక్షను ఈ స్థితిని మార్చింది. తనఖా ఒకసారి తనఖా అయితే ఎప్పటికీ తనఖాయే, దస్తావేజులో ఏమి రాసుకున్నా విమోచన హక్కును హరించే షరతు చెల్లదు అన్నది నేడు స్థిరపడిన సూత్రం.

విమోచనకు 1908 కాలపరిమితి చట్టం 60 సంవత్సరాల గడువు ఇవ్వగా, 1963 చట్టం దానిని 30 సంవత్సరాలకు తగ్గించింది. అయితే స్వాధీన తనఖా విషయంలో 30 సంవత్సరాలు గడిచినంత మాత్రాన భూమి ఋణదాతకు చెందదని 2014లో సింగ్ రామ్ - షియో రామ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తాతలనాడు భోగ్యానికి ఇచ్చిన పొలం విషయంలో మనుమలకు కూడా ఈ తీర్పు వర్తిస్తుంది.

బాకీ వసూలు

కేవలం ప్రామిసరీ నోటు మీద ఇచ్చిన అప్పుకు దావా గడువు 3 సంవత్సరాలు. తనఖా ఆస్తి ద్వారా బాకీ రాబట్టుకోవడానికి 12 సంవత్సరాల గడువు ఉన్నది. ఋణదాతకు తనఖా వలన కలిగే ప్రధాన లాభాలలో ఇది ఒకటి. కానీ వసూలు సులభం కాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకులు కోర్టు డిక్రీ లేకుండానే ఆస్తిని వేలం వేయగలవు. ప్రైవేటు వ్యక్తులకు ఆ అధికారం లేదు. వారు సివిల్ కోర్టులో దావా వేయాలి. కోర్టు మొదట ప్రాథమిక డిక్రీ ఇచ్చి చెల్లింపుకు గడువు ఇస్తుంది. అప్పటికీ చెల్లించకపోతే తుది డిక్రీ, తరువాత వేలం జరుగుతాయి. వేలం ఖరారయ్యే వరకు కూడా యజమాని సొమ్ము కట్టి ఆస్తిని విడిపించుకోవచ్చు.

ఋణదాతకు గల నష్టభయం

ఈ ఆలస్యం వలన, ఆస్తి విలువలో ఎంత భాగాన్ని అప్పుగా ఇచ్చారన్నది కీలకమవుతుంది. ఉదాహరణకు 20 లక్షల విలువ గల స్థలం మీద రూపాయి వడ్డీకి 10 లక్షలు ఇచ్చారని అనుకుందాం. మూడు సంవత్సరాలు వడ్డీ రాకపోతే బాకీ 13.6 లక్షలు అవుతుంది. ఈలోగా స్థలం ధర 15 లక్షలకు పడిపోయినా బాకీ తీరుతుంది. అదే స్థలం మీద 16 లక్షలు ఇచ్చి ఉంటే బాకీ 21.76 లక్షలకు చేరుతుంది. అప్పుడు వడ్డీయే కాక అసలులో కూడా కొంత పోతుంది. కోర్టు ఖర్చులు దీనికి అదనం.

అంతకుముందే ఆస్తి మీద ఉన్న తనఖాలను తెలుసుకోవడానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి ఇ.సి. తీసుకుంటారు. కానీ రిజిస్టరు కాని పత్రాల డిపాజిట్ తనఖా ఇ.సి.లో కనిపించదు. కనుక అసలు దస్తావేజులను చూడకుండా అప్పు ఇవ్వడం ప్రమాదకరం.

ఋణగ్రహీతకు గల ప్రమాదం

కొందరు ఋణదాతలు తనఖాకు బదులు పూర్తి విక్రయ దస్తావేజు రాయించుకొని, బాకీ తీరాక తిరిగి రాసి ఇస్తామని నోటిమాటగా గాని, వేరే కాగితం మీద గాని చెబుతారు. 1929లో చేసిన సవరణ ప్రకారం షరతు అదే దస్తావేజులో ఉంటే తప్ప ఆ లావాదేవీని తనఖాగా పరిగణించరు. ఈ విషయం తెలియక సంతకం చేసినవారు విమోచన హక్కును కోల్పోయే ప్రమాదం ఉన్నది.

ప్రత్యేక చట్టాలు

రైతు ఋణాల భారాన్ని తగ్గించడానికి 1938లో మద్రాసు ప్రభుత్వం చేసిన రైతు ఋణ విముక్తి చట్టం ఆంధ్ర ప్రాంతానికి వర్తించింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులకు అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు బాకీ తీరినట్లేనని అందులో నిబంధన ఉన్నది. తెలంగాణ ప్రాంతంలో వడ్డీ వ్యాపారం చేసేవారు 1349 ఫసలీ నాటి చట్టం ప్రకారం లైసెన్సు తీసుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు తనఖా పెట్టించుకోవడాన్ని 1959 నాటి భూబదిలీ నిబంధనలు నిషేధిస్తున్నాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీపై 1977 నాటి చట్టం ఆంక్షలు విధించింది. ఇటువంటి నిషేధాలకు విరుద్ధంగా రాయించుకున్న తనఖా చెల్లదు. అప్పు ఇచ్చిన వ్యక్తికి ఆ భూమి మీద ఏ హామీ మిగలదు.