లైనక్స్ కంప్యూటర్‌లో సిగ్నల్ యాప్: ఎక్కడి నుంచి వేసుకోవాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత ల్యాప్‌టాప్‌ను పారేయలేక ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్‌కు మారినవారు ఉన్నారు. ఫోన్‌లో వాడే సిగ్నల్ మెసేజింగ్ యాప్ కంప్యూటర్‌లోనూ కావాలని ఉబుంటు యాప్ సెంటర్‌లో వెతికితే వెంటనే కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి.

ఆ యాప్ ఎవరిది?

యాప్ సెంటర్‌లోని స్నాప్ ప్యాకేజీని గానీ, ఫ్లాట్‌హబ్‌లో దొరికే ప్యాకేజీని గానీ సిగ్నల్ సంస్థ తయారు చేయడం లేదు. వలంటీర్లు చేస్తున్నారు. వాటిలో మోసం ఉందని కాదు. కానీ ఎన్‌క్రిప్షన్ కాపాడేది మెసేజ్ ప్రయాణించే దారినే. మీ కంప్యూటర్‌కు చేరాక దాన్ని విప్పి చూపించేది యాపే. కాబట్టి ఆ యాప్ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియడం ముఖ్యం.

సొంత మార్గం ఏది?

సిగ్నల్ డాట్ ఆర్గ్‌లోని డౌన్‌లోడ్ పేజీలో లైనక్స్‌కు కొన్ని కమాండ్లు ఇచ్చారు. వాటిని అక్కడి నుంచే కాపీ చేసి టెర్మినల్‌లో వరుసగా పేస్ట్ చేయాలి. యూట్యూబ్ వీడియో కింద ఉన్నవి వద్దు. ముందుగా సిగ్నల్ సంస్థ డిజిటల్ కీ మీ సిస్టమ్‌లో చేరుతుంది. తర్వాత ప్యాకేజీ దొరికే చిరునామా, చివరికి యాప్. ఎవరైనా మధ్యలో ప్యాకేజీని మార్చితే ఆ కీతో సరిపోలదు, సిస్టమ్ దాన్ని తిరస్కరిస్తుంది. ఇకపై వచ్చే అప్‌డేట్లకూ ఇదే పరీక్ష. పాస్‌వర్డ్ టైప్ చేసేటప్పుడు తెరపై ఏమీ కనిపించకపోవచ్చు. కొత్తవాళ్లు కీబోర్డు పాడైందనుకుంటారు. టైప్ చేసి ఎంటర్ నొక్కండి, చాలు.

ఈ పద్ధతి ఉబుంటు, మింట్, డెబియన్ లాంటి 64 బిట్ సిస్టమ్‌లకే. ఫెడోరాకు సిగ్నల్ సొంత ప్యాకేజీ ఇవ్వడం లేదు.

ఫోన్‌తో ఎలా కలపాలి?

ఫోన్‌లో ముందే సిగ్నల్ ఖాతా ఉండాలి. సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, కంప్యూటర్ తెరపై కనిపించే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయాలి. పాత చాట్‌లు కూడా తెచ్చుకోవచ్చు. ఫొటోలు, వీడియోలు మాత్రం గత 45 రోజులవే వస్తాయి. ఆ తర్వాత ఫోన్ ఆఫ్‌లో ఉన్నా కంప్యూటర్‌లో మెసేజ్‌లు అందుతాయి. చాలా రోజులు తెరవకపోతే లింక్ తెగుతుంది.

మోసం ఎక్కడ?

ఈ క్యూఆర్ దగ్గరే. గ్రూప్ ఆహ్వానం అంటూ పంపిన కోడ్‌ను స్కాన్ చేయించి, ఎదుటివారి ఖాతాకు తమ కంప్యూటర్‌ను లింక్ చేసుకుంటున్నారని 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా విభాగం హెచ్చరించింది. రష్యాకు అనుకూలమైన హ్యాకర్లు ఉక్రెయిన్ యుద్ధంలో ఈ ఎత్తు వాడారు. అలా లింక్ అయితే ఆపై వచ్చే ప్రతి మెసేజ్ వాళ్లకూ చేరుతుంది, మీకు తేడా తెలియదు. లింక్డ్ డివైసెస్ జాబితాను అప్పుడప్పుడు తెరిచి చూడండి. తెలియని పేరు ఉంటే అక్కడే తొలగించవచ్చు. ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకుని ఉద్యోగం మారినా ఇదే దారి.