మీ అబ్బాయి సైకిలు పందాలకు వెళ్తున్నాడా?

ఒకప్పుడు మన ఇళ్ళలో సైకిలు అంటే నాన్నగారు ఆఫీసుకు వెళ్ళే బండి. పాలవాడికీ, పోస్టుమానుకూ, కాలేజీ కుర్రవాళ్ళకూ అదే ఆధారం. ఇప్పుడు కొన్ని ఇళ్ళ వరండాల్లోకి మరో రకం సైకిలు వచ్చి చేరింది. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు. మడ్‌గార్డు లేదు, క్యారియరు లేదు, చివరికి స్టాండు కూడా లేదు. ఇంటర్ చదివే అబ్బాయి తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, దానిమీద నలభై కిలోమీటర్లు తొక్కి, మీరు రెండో కాఫీ తాగే వేళకు చెమటలు కక్కుతూ తిరిగి వస్తున్నాడు. ఆ అబ్బాయి ఒకనాడు "నాన్నా, వచ్చే ఆదివారం రోడ్డు పందెం ఉంది. ఫారం మీద మీ సంతకం కావాలి" అంటే మీరేం చేస్తారు?

కొందరు తల్లిదండ్రులు సైకిలుకు తాళం వేసి తాళంచెవి దాచేస్తారు. మరికొందరు వెంటనే సంతకం పెట్టేసి, కప్పు ఎప్పుడు తెస్తావని అడుగుతారు. రెండూ సరికావు. సైకిలు తొక్కడం గుండెకూ, ఊపిరితిత్తులకూ మేలుచేసే మంచి వ్యాయామం. పరుగులో లాగా కీళ్ళమీద అదురు పడదు. అయితే పందెం సంగతి వేరు. ఇంకా ఎదుగుతున్న శరీరాన్ని గంటల తరబడి దాని హద్దుదాకా తీసుకుపోవడం అది. ఆ హద్దు ఎక్కడుందో కుర్రవాడికి తెలియదు. తెలిసినా స్నేహితుల ముందు ఒప్పుకోడు. అందుకే అది మీకు తెలిసి ఉండాలి. ఇక్కడ అబ్బాయి అని రాస్తున్నా, ఈ మాటలన్నీ అమ్మాయిలకూ వర్తిస్తాయి.

గుంపులో ఏం జరుగుతుంది?

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధనల్లో 17, 18 ఏళ్ళవారిని జూనియర్లు అంటారు. ప్రపంచ పోటీల్లో జూనియర్ అబ్బాయిల రోడ్డు పందెం సుమారు 120 నుంచి 140 కిలోమీటర్లు ఉంటుంది. మన ఊళ్ళలో జరిగేవి ఇంత దూరం ఉండకపోవచ్చు. కాని మొదటిసారి వెళ్ళిన కుర్రవాణ్ణి బెదరగొట్టేది దూరం కాదు, వేగం.

గంటకు 35, 40 కిలోమీటర్ల వేగంలో తొక్కేవాడి శ్రమలో అధికభాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. మరొకరి వెనక దగ్గరగా పోతే నాలుగోవంతు, ఒక్కోసారి మూడోవంతు శ్రమ తగ్గుతుంది. అందుకే పందెంలో అందరూ ఒకరి చక్రం వెనక ఒకరు, మూరెడు ఎడంలో గుంపుగా పోతారు. ఇంటి దగ్గర ఒంటరిగా సాధన చేసిన కుర్రవాడికి ఈ విద్య తెలియదు. ఉత్సాహం కొద్దీ ముందుకు పోయి గాలంతా తానే మోస్తాడు. లేదా భయపడి చిట్టచివర ఉండిపోతాడు. చివర ఉన్నవాడికి సుఖమనుకోకండి. ప్రతి మలుపు దగ్గరా గుంపు నెమ్మదించి మళ్ళీ సాగుతుంది. చివరివాడు ప్రతిసారీ వాళ్ళను అందుకోవడానికి శక్తినంతా కూడదీసుకుని తొక్కాలి. పది మలుపులయ్యేసరికి కాళ్ళు బరువెక్కుతాయి, గుంపు వెళ్ళిపోతుంది, రోడ్డుమీద అతనొక్కడే మిగులుతాడు.

మొదటి పందెంలో ఇలా వెనకబడటం చాలామందికి జరిగేదే. ఇది జబ్బూ కాదు, చేతకానితనమూ కాదు. ముందు కొన్ని నెలలు నలుగురైదుగురితో కలిసి తొక్కడం, గుంపులో బ్రేకు మీద చెయ్యి అదుపులో ఉంచుకోవడం నేర్చుకున్నాకే పందేనికి పంపండి. గుంపులో ఒకడు గబుక్కున బ్రేకు వేస్తే వెనక పదిమంది పడతారు.

కాళ్ళలో బలం ఎక్కడికి పోయింది?

మరో అనుభవం ఉంది. గంటన్నరసేపు హాయిగా తొక్కినవాడికి ఉన్నట్టుండి కాళ్ళు ఆడవు. చేతులు వణుకుతాయి, చలిచెమటలు పోస్తాయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి. కారణం చాలా సులువైనది. మన కండరాల్లోనూ, కాలేయంలోనూ చక్కెర గ్లైకోజన్ రూపంలో నిలవ ఉంటుంది. గట్టిగా తొక్కితే ఆ నిలవ గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. ఒంట్లో కొవ్వు ఎంత ఉన్నా అది అంత త్వరగా శక్తినివ్వలేదు.

కనుక పందెం ముందురాత్రి మరో గరిటె అన్నం ఎక్కువ పెట్టండి. తెల్లవారుజామునే పందెమని పరగడుపున పంపకండి. రెండు మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలో, కాస్త ఉప్మానో తినిపించండి. పూరీలు, వేపుళ్ళు వద్దు. పందెం గంట దాటితే ఆపైన గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. నాలుగైదు ఖర్జూరాలు, ఒక బెల్లంముక్క కూడా పనికివస్తాయి. ఆకలి వేశాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. అరగంటకోసారి కొంచెం కొంచెం తినాలి. ఎన్నడూ తినని కొత్త పదార్థాన్ని పందెంనాడు మాత్రం రుచి చూడకూడదు. పందెం అయ్యాక గంటలోపల అన్నం, పప్పు, పెరుగు, అలవాటుంటే గుడ్డు పెడితే కండరాలు త్వరగా కోలుకుంటాయి.

ఎండ, నీళ్ళు, బిళ్ళలు

మన ఎండల్లో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా నీళ్ళు అవసరం కావచ్చు. అందరికీ ఒకే లెక్క కుదరదు. సాధన రోజుల్లో వెళ్ళేముందు, వచ్చాక బరువు చూడండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టు. బరువులో నూటికి రెండు వంతులకు మించి తగ్గకుండా చూసుకోవాలి. అలాగని బలవంతంగా లీటర్లకొద్దీ వట్టి నీళ్ళు తాగడమూ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. బరువు పెరిగి వచ్చాడంటే అతిగా తాగాడన్నమాట. రెండు గంటలు దాటే పందెంలో ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు మంచివి.

ఎండకు శరీరం అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఎండలో తొక్కుతున్నవాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లని నీళ్ళతో తడుపుతూ విసరండి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆస్పత్రికి ప్రయాణం.

1967 జూలై 13న టూర్ ద ఫ్రాన్స్ పందెంలో టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ వృత్తి క్రీడాకారుడు మండుటెండలో మో వాంతూ కొండ ఎక్కుతూ కుప్పకూలి చనిపోయాడు. అతని ఒంట్లో యాంఫెటమిన్ మందు ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఇలాంటి మందులు బలాన్నివ్వవు. "ఇక చాలు, ఆగు" అని శరీరం చెప్పే మాటను వినపడకుండా చేస్తాయి. ఎవరో ఇచ్చిన బిళ్ళ, పేరు తెలియని పొడి ఏదీ ముట్టవద్దని పిల్లవాడికి గట్టిగా చెప్పండి. మామూలు జలుబు మాత్రల్లో కూడా పోటీల్లో నిషేధించిన పదార్థం ఉండవచ్చు. డాక్టరును అడగకుండా అవీ వద్దు.

మోకాలు నొప్పి ఎందుకు?

పందాలకు సాధన చేసే పిల్లలు తరచు చెప్పేది మోకాలి నొప్పి. సగం సందర్భాల్లో మందు అవసరముండదు, సీటు సరిచేస్తే చాలు. సీటుమీద కూర్చుని, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు దాదాపు నిటారుగా ఉండాలి. పాదం ముందు భాగం ఆనించి తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం, మరీ పైకి ఉంటే వెనక భాగం నొప్పి పెడతాయి. ఈ వయసులో పిల్లలు పొడుగవుతూనే ఉంటారు. రెండు మూడు నెలలకోసారి సీటు కొలత చూడండి.

రెండో కారణం పెద్ద గేరు. బలమంతా పెట్టి బరువైన గేరులో నెమ్మదిగా తొక్కడం గొప్ప అని కుర్రవాళ్ళు అనుకుంటారు. అంతర్జాతీయ సమాఖ్య 2022 చివరిదాకా జూనియర్లకు గేరు హద్దు పెట్టింది. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు 7.93 మీటర్లకు మించి పోకూడదు. 2023 నుంచి ఆ నిబంధన లేదు. నిబంధన పోయినా మోకాళ్ళు మారలేదు కదా! తేలికపాటి గేరులో నిమిషానికి 85, 90 చుట్లు తొక్కడం అలవాటు చేయించండి.

కింద పడితే

పందాలు ఆడేవాడు ఎప్పుడో ఒకప్పుడు పడతాడు. చర్మం గీరుకుపోతే శుభ్రమైన ధారనీటితో, సబ్బుతో మట్టి, ఇసుక పోయేదాకా కడగాలి. కాఫీపొడి, పసుపు, సున్నం వంటివి అద్దకండి. పుండు ఆరిపోకుండా మందు పట్టీతో కప్పితే త్వరగా మానుతుంది. ధనుర్వాతం టీకా పదో ఏట, పదహారో ఏట వేయించారో లేదో చూసుకోండి. మట్టి గాయమైతే చివరి టీకా వేసి అయిదేళ్ళు దాటినవారికి మళ్ళీ వేయించాలి.

చెయ్యి ఊని పడితే మెడకింద ఎముక విరగడం సైకిలు పందాల్లో మామూలు. ఎక్కువ భాగం చేతికి గుడ్డ ఊయల వేస్తేనే అతుక్కుంటాయి. హ్యాండిలు కొన పొట్టలో గుచ్చుకుంటే మాత్రం అశ్రద్ధ చేయకండి. పైకి చిన్న కమిలిన మచ్చే కనిపించినా లోపల ప్లీహం, కాలేయం చిట్లి ఉండవచ్చు. కొన్ని గంటల తర్వాత కడుపునొప్పి, వాంతులు, ముఖం పాలిపోవడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

అన్నిటికంటే ముఖ్యం తల. 2003లో పారిస్-నీస్ పందెంలో కజకిస్తాన్ క్రీడాకారుడు ఆంద్రే కివిలెవ్ పడి చనిపోయాక, అంతర్జాతీయ సమాఖ్య అదే సంవత్సరం వృత్తి పందాల్లో హెల్మెట్ తప్పనిసరి చేసింది. హెల్మెట్ పుర్రెను కాపాడగలదు కాని, లోపల మెదడు అదరకుండా పూర్తిగా ఆపలేదు. తలకు దెబ్బ తగిలినవాడు లేచి నిలబడి "నాకేం కాలేదు" అన్నా ఆ రోజు మళ్ళీ సైకిలు ఎక్కకూడదు. తలనొప్పి పెరగడం, వాంతులు, మగత, అడిగిందే అడగడం, ఫిట్స్ వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. మొదటి రోజంతా ఒంటరిగా వదలకండి. దెబ్బ తిన్న హెల్మెట్‌ను పారేసి కొత్తది కొనండి.

2024 సెప్టెంబరులో స్విట్జర్లాండులోని జూరిచ్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. జూనియర్ అమ్మాయిల రోడ్డు పందెంలో మురియల్ ఫురర్ అనే 18 ఏళ్ళ స్విస్ అమ్మాయి పడి, తలకు తీవ్రమైన దెబ్బతో మర్నాడు చనిపోయింది. ఆమె పడిన సంగతి వెంటనే ఎవరికీ తెలియలేదు. ప్రపంచ పోటీల్లోనే ఇలా జరిగిందంటే చిన్న పందాల సంగతి చెప్పాలా? సంతకం పెట్టేముందు నిర్వాహకులను అడగండి: అంబులెన్సు ఉందా? ఎంతమంది బయలుదేరారు, ఎంతమంది చేరారు అనే లెక్క ఎవరు చూస్తారు? పిల్లవాడి జేబులో పేరు, రక్తం గ్రూపు, మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి.

ఎన్నింటికి పడుకుంటున్నాడు?

నాలుగున్నరకు లేచేవాడు కోచింగు, హోంవర్కు ముగించి పదకొండింటికి పడుకుంటే నిద్ర అయిదున్నర గంటలే. ఈ వయసులో ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. కండరం బలపడేది తొక్కేటప్పుడు కాదు, విశ్రాంతిలో. వారానికి ఒకరోజు సైకిలు పూర్తిగా మానాలి. పొద్దున లేవగానే పక్కమీదే నాడి లెక్కపెట్టుకోమనండి. ఎప్పటికంటే పది కొట్టుకోవడాలు ఎక్కువుంటే ఆనాడు విశ్రాంతి మేలు. సైకిలు మీద ఎముకలకు బరువు పడదు కాబట్టి అవి గట్టిపడటానికి వారంలో రెండు మూడుసార్లు స్కిప్పింగో, పరుగో ఉండాలి.

అమ్మాయిల విషయంలో మరో జాగ్రత్త. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. త్వరగా ఆయాసపడే అమ్మాయిని బద్ధకస్తురాలు అనేముందు రక్తపరీక్ష చేయించండి. భోజనం చేయగానే టీ, కాఫీ ఇవ్వకండి, ఇనుము ఒంటబట్టదు. బరువు తగ్గితే కొండ సులువుగా ఎక్కవచ్చని తిండి తగ్గించే పిల్లలున్నారు. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే అది క్రీడాకారిణులకు మామూలే అని ఊరుకోకండి. తిండి చాలక ఎముకలు పలచబడుతున్నాయనడానికి అది గుర్తు కావచ్చు.

ఆగమని ఎవరు చెప్పాలి?

జ్వరం ఉన్నప్పుడు పందెం వద్దు, సాధనా వద్దు. కొన్ని జ్వరాల్లో గుండె కండరం కూడా వాచి ఉంటుంది. తొక్కుతుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, మీ వంశంలో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవారున్నా, డాక్టరుకు చూపించి ఇ.సి.జి. తీయించకుండా పంపకండి. ఉబ్బసం ఉన్నంత మాత్రాన పందాలు మానక్కర్లేదు. డాక్టరు సలహాతో మందు పీలుస్తూ పాల్గొనేవారు ఎందరో ఉన్నారు.

ఇవన్నీ తెలిసినా మధ్యలో ఆగడానికి కుర్రవాడు సిగ్గుపడతాడు. ఇంటికి వెళ్తే "అంత డబ్బు పోసి సైకిలు కొంటే సగంలో దిగిపోయావా?" అనే మాట వినాలని తెలిస్తే, కళ్ళు తిరుగుతున్నా తొక్కుతూనే ఉంటాడు. పందెం నుంచి వచ్చినవాణ్ణి ఎన్నోవాడివి వచ్చావని తర్వాత అడగవచ్చు. ముందు మంచినీళ్ళిచ్చి, ఎక్కడైనా పడ్డావా, తలకు తగిలిందా, దారిలో ఏమైనా తిన్నావా అని అడగండి. తిట్లు పడతాయనే భయం లేని పిల్లవాడే ఈ ప్రశ్నలకు దాచకుండా జవాబు చెబుతాడు.