ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇల్లుంటే పిల్లలు పుట్టరా? ల్యాబ్ ప్రయోగాల్లో ఏం తేలింది?

ఇంటి పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉండటం వల్లే గర్భం రావడం లేదని మీతో ఎవరైనా అన్నారా? ఈ భయంలో నిజమెంతో చూద్దాం.

ప్రయోగంలో ఏం జరిగింది?
అండాశయంలో ప్రతి అండం ఫాలికిల్ అనే చిన్న తిత్తిలో పెరుగుతుంది. ఇటలీ శాస్త్రవేత్తలు చిట్టెలుకల ఫాలికిల్స్‌ను ల్యాబ్‌లో 5 రోజులు 33, 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాల్లో పెంచి, 2000లో ఫలితాలు ప్రకటించారు. అండం ఎదుగుదలకు కీలకమైన, ద్రవం నిండే ఖాళీ చాలా ఫాలికిల్స్‌లో ఏర్పడలేదు. మన కరెంటు కూడా 50 హెర్ట్జే.

మరి మనకూ ముప్పేనా?
అలా చెప్పలేం. అవి శరీరం బయట పెంచిన ఎలుక ఫాలికిల్స్. అక్కడి క్షేత్రం వెయ్యి మైక్రోటెస్లాలకు పైమాటే. ఇళ్లలో సాధారణంగా ఒక్క మైక్రోటెస్లా కూడా ఉండదు. 2010 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ప్రజలకు పెట్టిన పరిమితి 200. పైగా దూరం పెరిగేకొద్దీ క్షేత్రం వేగంగా తగ్గిపోతుంది.

మీరేం చేయాలి?
ఇల్లు మారడం కన్నా ముందు డాక్టర్‌ను కలవండి. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను తిట్టుకుంటూ కూర్చుంటే నష్టపోయేది మీ సమయమే.